తాళం తీసే ముందు

పదకొండు పంక్తులు తీసివేసి, వాటి స్థానంలో నాలుగు పంక్తులు చేర్చిన ఒక చిన్న సవరణను ఊహించుకోండి. దానివల్ల కొత్త సౌకర్యమేదీ రాదు. వేగమూ పెరగదు. ఎవరో ఫిర్యాదు చేసిన దోషం తొలగిపోవడమూ లేదు. ఉన్న పనినే మరికొంత పొందికగా, చదివేవారికి ఇంపుగా తిరగరాయడం మాత్రమే దాని ఉద్దేశం. అయినా దానిని పరీక్షించవలసిన వ్యక్తి ఒక గంటసేపు కాగితం, కలం దగ్గర పెట్టుకుని కూర్చుంటాడు. చివరకు "ఇది వద్దు" అని తిప్పి పంపినా ఆశ్చర్యపడనక్కరలేదు.

ఇది కేవలం చాదస్తమని తోచవచ్చు. కాని ఆ సవరణ ఎక్కడిదో తెలిస్తే అలా అనిపించదు. అది లైనక్స్ కెర్నల్‌లో, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సంభాషించుకునే విభాగంలో, "తాళాల"కు సంబంధించిన సవరణ.

లైనక్స్ 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ చేతిలో పుట్టింది. నేడు ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటి అడుగున ఉన్నది అదే. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన 500 సూపర్ కంప్యూటర్ల పట్టికలో 2017 నవంబరు నుండి చోటు సంపాదించినవన్నీ దానిమీద నడిచేవే. కెర్నల్ అంటే గింజలోని పప్పు. పైకి కనిపించే బొమ్మలు, అక్షరాలు, మీటలు అన్నీ పొట్టు వంటివి. యంత్రాన్ని నిజంగా నడిపేది లోపలి పప్పే. మీరు ఫోనులో డబ్బు పంపినా, రైలు టిక్కెట్టు కొన్నా, దూరదేశంలోని మనుమరాలి ముఖం తెరమీద చూసినా, ఆ సమాచారం చిన్న చిన్న పొట్లాలుగా విడిపోయి ఎక్కడో ఒకచోట ఈ పప్పులోని నెట్‌వర్కు విభాగం గుండా సాగిపోతుంది. అందులో ఒక్క తాళం తప్పితే దాని ఫలితం ఒక ఇంటితో ఆగదు.

ఇద్దరు గుమాస్తాలు, ఒక రిజిస్టరు

కంప్యూటరులో తాళమెందుకు? ఒక గిడ్డంగిని తలచుకుందాం. అక్కడ ఇద్దరు గుమాస్తాలు, ఒకే ఒక సరుకు రిజిస్టరు. రిజిస్టరులో 40 బస్తాలని ఉన్నది. మొదటి గుమాస్తా ఆ అంకె చూసి, కొత్తగా వచ్చిన 10 బస్తాలను లెక్కించడానికి లోపలికి వెళ్ళాడు. అంతలో రెండవవాడు అదే 40ని చూసి, 5 బస్తాలు బయటకు పంపి, 35 అని రాశాడు. మొదటివాడు తిరిగి వచ్చి, తాను చూసిన 40కి 10 కలిపి, ఆ 35 కొట్టివేసి 50 అని రాశాడు. ఇద్దరూ నిజాయితీపరులే. ఇద్దరికీ కూడిక, తీసివేత బాగా వచ్చు. అయినా గిడ్డంగిలో ఉన్నవి 45 బస్తాలు, రిజిస్టరులో ఉన్నవి 50.

నేటి కంప్యూటరులో ఇద్దరు కాదు, ఎనిమిదిమంది, అరవైనలుగురు, ఒక్కొక్కచోట వందలమంది గుమాస్తాలు ఉంటారు. ఒకే జ్ఞాపకశాలను పంచుకుని ఏకకాలంలో పనిచేసే ప్రాసెసర్లే ఆ గుమాస్తాలు. వారి పనుల వరుస తారుమారైనప్పుడు పుట్టే ఈ దోషాన్ని ఇంజనీర్లు "రేస్" అంటారు. ఇది అన్నివేళలా కనిపించదు. సెకనులో లక్షవ వంతు తేడాలో, పదిలక్షల సార్లలో ఒకసారి తలెత్తుతుంది. పట్టుకోబోతే మాయమవుతుంది.

దీనికి విరుగుడు మన రైల్వేలకు ఎంతోకాలంగా తెలిసినదే. ఒంటి పట్టాల మార్గంలో ఎదురెదురుగా రెండు రైళ్ళు రాకుండా చూడడానికి స్టేషన్లలో నీల్ బంతి టోకెన్ యంత్రాలు వాడేవారు. యంత్రం నుండి వెలువడిన లోహపు బంతి చేతిలో ఉంటేనే డ్రైవరు బండి కదిలించాలి. ఆ బంతిని అవతలి స్టేషనులోని యంత్రంలో తిరిగి వేసేదాకా ఇంకొక బంతి వెలుపలికి రాదు. ప్లాట్‌ఫారం మీద నిలబడిన ఉద్యోగి చేతిలోని తీగవలయాన్ని కదులుతున్న ఇంజనులోంచి డ్రైవరు ఒడుపుగా అందుకునే దృశ్యం ఒక తరంవారికి బాగా గుర్తుంటుంది. కంప్యూటరులోని తాళం అచ్చంగా ఆ బంతి వంటిదే. అది చేతిలో ఉన్నవాడే రిజిస్టరు ముట్టాలి. పని కాగానే తిరిగి ఇవ్వాలి. ఈ శాస్త్రానికి పునాది వేసినవారిలో ముఖ్యుడైన హాలెండు దేశీయుడు ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా 1960ల దశకంలో తాను కల్పించిన సాధనానికి "సెమాఫోర్" అని పేరు పెట్టాడు. అది రైలుమార్గం ప్రక్కన చేయి ఎత్తి దించే కైకాటి స్తంభం పేరే.

తాళం వేస్తే వచ్చే చిక్కులు

తాళం వేసినంత మాత్రాన కష్టాలు గట్టెక్కవు. మన గుమాస్తాలలో ఒకడి చేతిలో రిజిస్టరు, మరొకడి చేతిలో మొహరు ఉన్నవనుకోండి. ఇద్దరికీ రెండూ కావాలి. "మొహరు ఇస్తేగాని రిజిస్టరు వదలను" అని ఒకడు, "రిజిస్టరు ఇస్తేగాని మొహరు వదలను" అని ఇంకొకడు భీష్మించుకుంటే కచేరి శాశ్వతంగా స్తంభించిపోతుంది. అందుకే తాళాలు తీసుకునే వరుస అందరికీ ఒక్కటిగా ఉండాలి.

తాళాన్ని అవసరానికి మించి పట్టుకోవడమూ ప్రమాదమే. 1997 జూలై 4న కుజగ్రహంపై దిగిన పాథ్‌ఫైండర్ నౌక కొద్దిరోజులకే తనంతట తాను పదేపదే ఆగి, మళ్ళీ మొదటినుండి మొదలుపెట్టసాగింది. విచారించగా తేలినదేమిటంటే, వాతావరణ వివరాలు సేకరించే ఒక అప్రధానమైన పని తాళం పట్టుకుని ఉన్నది. అత్యంత ప్రధానమైన పని ఆ తాళం కోసం ఎదురుచూస్తున్నది. ఈలోగా మధ్యరకం పనులు దూరి, తాళం పట్టుకున్న చిన్నపనికి అవకాశమే లేకుండా చేశాయి. ప్రధానమైన పని వేళకు పూర్తికాలేదని గ్రహించిన కాపలా యంత్రాంగం మొత్తం కంప్యూటరును తిరిగి ప్రారంభించేది. తాళం పట్టుకున్న చిన్నవాడికి, దానికోసం నిరీక్షిస్తున్న పెద్దవాడి హోదాను తాత్కాలికంగా ఇచ్చే ఏర్పాటు అందులో ముందే ఉన్నది గాని, వాడుకలో లేదు. ఇంజనీర్లు భూమినుండి సందేశం పంపి దానిని అమలులో పెట్టిన తరువాతనే నౌక కుదుటపడింది.

లైనక్స్ కూడా ఈ పాఠాలను నెమ్మదిగా నేర్చుకున్నది. 1996లో అనేక ప్రాసెసర్ల యంత్రాలపై నడవడం ఆరంభించినప్పుడు కెర్నల్ అంతటికీ కలిపి ఒకే పెద్ద తాళం ఉండేది. ఇల్లంతటికీ ఒక్కటే తాళంచెవి అన్నమాట. వంటింట్లో ఒకరుంటే పడకగదిలోకి మరొకరు పోరాదు. దానిని గదికొక తాళంగా విడగొట్టి, చివరి ఆనవాలు తుడిచివేయడం 2011లో వెలువడిన 2.6.39 ప్రతితో గాని పూర్తికాలేదు. పదిహేనేళ్ళ శ్రమ! నెట్‌వర్కు విభాగంలో ఆర్‌టీఎన్‌ఎల్ అనే మరొక పెద్ద తాళం ఉన్నది. నెట్‌వర్కు ఏర్పాట్లలో ఏ మార్పు చేయాలన్నా ఆ తాళమే దిక్కుగా ఉండేది. వేలకొద్దీ వేరువేరు నెట్‌వర్కు లోకాలను ఒకే యంత్రంలో నడిపే పెద్ద కేంద్రాలకు ఇది ఇరుకుదారి అయింది. దానిని ఏ లోకానికి ఆ లోకం తాళంగా విడదీసేందుకు కావలసిన సాధనాలు 2024లో కెర్నల్‌లో చేరాయి.

నాలుగు ద్వారాల ఫంక్షన్

ఇక మన చిన్న సవరణ దగ్గరకు వద్దాం. కెర్నల్‌లో తరచుగా కనిపించే ఒక ఫంక్షన్, అనగా ఒక పనిని నిర్వహించే పంక్తుల సముదాయం, ఇలా ఉంటుంది. మొదట తాళం తీసుకుంటుంది. పరికరం ఉన్నదా అని చూస్తుంది, లేకపోతే వెళ్ళిపోతుంది. జ్ఞాపకశాలలో చోటు అడుగుతుంది; దొరకకపోతే వెళ్ళిపోతుంది. ఇచ్చిన అంకె సరియైనదా అని చూస్తుంది, కాకపోతే వెళ్ళిపోతుంది. అన్నీ సక్రమంగా ఉంటే పని ముగించుకుని వెళుతుంది. వెలుపలికి మొత్తం నాలుగు ద్వారాలు. ప్రతి ద్వారం దగ్గరా తాళం తిరిగి ఇవ్వడం మరువరాదు. ఒక్కచోట మరచినా, తరువాత వచ్చినవారందరూ ఆ తాళం కోసం ఎదురుచూస్తూ నిలబడిపోతారు.

ఈ మరపును నివారించడానికి 2023లో పీటర్ జీల్‌స్ట్రా అనే కెర్నల్ నిపుణుడు కొత్త సాధనాలను ప్రవేశపెట్టాడు. అందులో ఒకటి "గార్డ్". దీనితో తాళం తీసుకుంటే, ఏ ద్వారం గుండా వెలుపలికి పోయినా తాళం తనంతట తానే విడుదల అవుతుంది. డ్రైవరు ఏ స్టేషనులో బండి ఆపినా టోకెన్ బంతి స్వయంగా యంత్రంలోకి దొర్లిపోయే ఏర్పాటు వంటిది. నాలుగుచోట్ల రాయవలసిన "తాళం వదులు" అనే పంక్తులు మాయమవుతాయి. మరపుకు తావే ఉండదు. ఇంతకంటె మేలు ఏముంటుంది?

మేలు నిజమే. అందుకనే పాత ఫంక్షన్లన్నిటినీ ఈ పద్ధతిలోకి మార్చాలనే ఉత్సాహం కొత్తవారిలో సహజంగా కలుగుతుంది. పరీక్షకుని పని సరిగ్గా అక్కడే మొదలవుతుంది. అతడు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నవి.

మొదటిది: తాళం పట్టుకునే కాలం పెరిగిందా? పాత ఫంక్షన్ తాళం వదిలిన తరువాత, చివరలో, మరికొన్ని పనులు చేసి ఉండవచ్చు. గార్డ్ వచ్చిన తరువాత ఫంక్షన్ ముగిసేదాకా తాళం చేతిలోనే ఉంటుంది. ఆ చివరి పనులలో ఒకటి "నిద్రపోయే" స్వభావం కలది, అనగా జ్ఞాపకశాలలో చోటు దొరికేవరకు ఆగేది అయితే, కొన్నిరకాల తాళాల విషయంలో అది ఘోరమైన తప్పు. స్పిన్‌లాక్ అనే తాళం పట్టుకున్నవాడు కునుకు తీయరాదు. తక్కిన ప్రాసెసర్లు దానికోసం గిరగిర తిరుగుతూ ఉంటాయి.

రెండవది: తాళాల వరుస మారిందా? ఆ చివరి పనులలో ఏదైనా మరొక తాళం తీసుకుంటుంటే, ఇదివరకు ఒకదాని తరువాత ఒకటిగా ఉన్నవి ఇప్పుడు ఒకదానిలో ఒకటి అయినవి. రిజిస్టరు, మొహరు కథ ఇక్కడే పునరావృతం కావచ్చు.

మూడవది: తాళం ఎక్కడ నివసిస్తున్నది? అనేక సందర్భాలలో తాళం తాను కాపాడే వస్తువులోనే భాగంగా ఉంటుంది. పాత ఫంక్షన్ తాళం వదిలి, ఆ తరువాత వస్తువును నాశనం చేసేది. కొత్త ఫంక్షన్‌లో వస్తువు ముందుగా నాశనమై, గార్డ్ ఆ తరువాత తాళం వదలడానికి వస్తే, అది కూల్చివేసిన ఇంటి తలుపుకు తాళం తీయబోవడమే.

నాలుగవది: పాతపద్ధతి, కొత్తపద్ధతి కలగాపులగం అయినవా? చివరనున్న శుభ్రపరిచే భాగానికి దూకే "గోటూ" అనే ఆజ్ఞ కెర్నల్‌లో పాతకాపు. స్వయంచాలక విడుదలను, ఈ దూకుడును ఒకే ఫంక్షన్‌లో కలపవద్దని కెర్నల్ మార్గదర్శక పత్రాలే హెచ్చరిస్తున్నవి.

యంత్రాలు ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పలేవా అని పాఠకులు అడగవచ్చు. కొంతవరకు చెప్పగలవు. ఇంగో మోల్నార్ రూపొందించగా 2006లో కెర్నల్‌లో చేరిన లాక్‌డెప్ అనే తనిఖీ సాధనం తాళాల వరుసను గమనిస్తూ, ప్రతిష్టంభన నిజంగా ఏర్పడకముందే, ఏర్పడే అవకాశమున్నదని హెచ్చరిస్తుంది. ఇది ఎంతో గొప్ప సాయం. అయితే అది నడిచిన దారులనే చూడగలదు. జ్ఞాపకశాలలో చోటు దొరకని ఆ రెండవ ద్వారం పరీక్షలలో ఒక్కసారి కూడా తెరుచుకోకపోవచ్చు. అటువంటి దారిని ముందుగా నడిచి చూడడానికి మనిషి కన్ను ఎంతో తోడ్పడుతుంది.

చిన్నదే గదా అనుకుంటే

చిన్న సవరణలు ఎంతటి హాని చేయగలవో చరిత్ర చెబుతున్నది. 2006లో డెబియన్ అనే లైనక్స్ వితరణలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సంకేతలిపి గ్రంథాలయాన్ని శుభ్రపరిచే సందర్భంలో రెండు పంక్తులను పనిచేయకుండా చేశారు. దోషాలు వెతికే ఒక సాధనం వాటిని చూపి హెచ్చరికలు ఇస్తున్నది గనుక వాటిని తీసివేయడం సబబుగానే కనిపించింది. కాని రహస్య తాళంచెవులు తయారుచేయడానికి కావలసిన యాదృచ్ఛికత లోపలికి ప్రవేశించేది ఆ దారినే. ఫలితంగా, ఊహకందనంత పెద్ద సంఖ్యలో ఉండవలసిన తాళంచెవుల వైవిధ్యం ఒక్కొక్క రకానికి సుమారు 32,000కు కుదించుకుపోయింది. దొంగకు అన్నిటినీ ఒక్కొక్కటిగా ప్రయత్నించి చూడడం పెద్ద పని కాదు. 2008 మే నెలలో బయటపడేదాకా, దాదాపు ఇరవై నెలలు, ఇది ఎవరి కంటా పడలేదు.

మరొకవైపు, లేని తాళం చేసే కీడుకూ ఉదాహరణ ఉన్నది. నెట్‌వర్కు పొట్లాలను నేరుగా అందుకునే ఏర్పాటులో, పొట్లాలు నింపుకునే వలయాకారపు తొట్టి ఏ తరహాదో ఒక చోట నిర్ణయించేవారు, తొట్టిని మరొక చోట నిర్మించేవారు. తరహా మార్చేముందు "తొట్టి ఇప్పటికే ఉన్నదా" అని చూసేవారే గాని, చూసే క్షణానికి, మార్చే క్షణానికి మధ్య తాళం లేదు. ఆ ఇరుకు సందులో రెండవ గుమాస్తా దూరితే, తొట్టి ఒక తరహాలో కట్టబడి, మరొక తరహాగా నమోదవుతుంది. తొట్టిని తొలగించే వేళ దానికి తగిలించిన గడియారాన్ని ఆపడం మరచిపోతారు. తొట్టి పోయినా గడియారం మోగుతూనే ఉంటుంది. దీని ఆసరాతో సాధారణ వాడుకరి యంత్రానికి సర్వాధికారి కాగలిగాడు. 2011లో ప్రవేశించిన ఈ లోపం 2016 చివరలో వెల్లడైంది. దానికి చేసిన చికిత్స ఏమిటి? చూడడం, మార్చడం రెండింటినీ ఒకే తాళం కింద పెట్టడం. ఐదేళ్ళు దాగిన ముప్పుకు కొద్దిపాటి పంక్తుల మందు.

ఈ రెండు ఉదంతాలను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే పరీక్షకుని సందిగ్ధం అర్థమవుతుంది. చిన్న సవరణ ప్రాణం పోయగలదు, ప్రాణం తీయగలదు. పరిమాణాన్ని చూసి రెంటినీ వేరుచేయడం సాధ్యం కాదు.

అందువల్లనే కెర్నల్ నెట్‌వర్కు విభాగ నిర్వాహకులు ఒక నిదానమైన విధానాన్ని లిఖితపూర్వకంగా ప్రకటించారు. వేరొక ప్రయోజనంతో ముడిపడని ఉత్త శుభ్రతా సవరణలను వారు ప్రోత్సహించరు. వాటివల్ల కలిగే మేలుకంటె కలవరం ఎక్కువని వారి భావన. ఇరవై పంక్తులకు మించిన ఫంక్షన్లలో గార్డ్ వాడవద్దంటారు. తాళం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కంటికి కనిపించేట్లు గిరిగీసే మరొక రూపం మేలంటారు. తాళం వేయడం, తీయడం రెంటినీ విడివిడిగా రాసే పాతపద్ధతికే ఇప్పటికీ కొద్దిపాటి మొగ్గు చూపుతారు. అయితే అక్షరదోషాలను, వ్యాకరణ దోషాలను దిద్దే సవరణలకు మాత్రం వారికి అభ్యంతరం లేదు!

అనువాద వృత్తిలో ఉన్నవారికి ఈ జాగ్రత్త కొత్తగా తోచదు. ఒక ఒప్పంద పత్రంలో "వారసులు కూడా బాధ్యులు" అన్న వాక్యాన్ని చూసి, ఆ "కూడా" వాక్యానికి బరువుగా ఉన్నదని కొట్టివేసే పరిష్కర్త ఉండవచ్చు. వాక్యం నునుపు తేలుతుంది. కాని అసలు వ్యక్తి బాధ్యత ఉన్నదా, తొలగిందా అనే సందేహానికి దారి ఏర్పడుతుంది. మంచి పరిష్కర్త "ఈ మాట అందంగా ఉన్నదా" అని అడిగే ముందు "ఈ మాట ఇక్కడ ఏమి మోస్తున్నది" అని అడుగుతాడు. కెర్నల్ పరీక్షకుడూ అంతే. వికారంగా కనిపించే పంక్తి వెనుక ఎప్పుడో జరిగిన ప్రమాదం, దానికి వేసిన కట్టు ఉండవచ్చు. ఆ పంక్తిని ఎవరు, ఎందుకు, ఎప్పుడు రాశారో చెప్పే చరిత్ర కెర్నల్‌తో పాటే భద్రమై ఉంటుంది. దానిని తిరగవేయకుండా సంతకం చేయరాదు.

పల్లకి మోసేవారు

ఇందులో మరొక సమస్య కూడా ఉన్నది. అది యంత్రాలది కాదు, మనుషులది. సవరణ రాయడానికి పదిమంది ముందుకు వస్తారు. రాసినవాని పేరు చరిత్రలో నిలుస్తుంది. పరీక్షించేవారు మాత్రం ఎప్పుడూ తక్కువే. అందరూ పల్లకి ఎక్కితే మోసేవారెవరు? పరీక్షకుడు "నేను చూశాను" అని పేరు జతచేసేటప్పుడు, దానిలో తీవ్రమైన దోషాలేవీ తనకు కనిపించలేదని, అది కెర్నల్‌లో చేరదగినదని తాను నమ్ముతున్నానని ప్రకటిస్తాడు. దోషమే లేదని పూచీ ఇవ్వడు, ఇవ్వలేడు కూడా. ఆ ప్రకటన వెనుక ఉన్నది అతని సమయం, అతని శ్రద్ధ. ఒక ఉత్త శుభ్రతా సవరణకు వెచ్చించిన గంట, నిజమైన లోపాన్ని పట్టుకోవలసిన గంటనుండి తగ్గుతుంది. "వద్దు" అనే మాటలో ఈ లెక్క కూడా ఇమిడి ఉన్నది.

అయినా తలుపు పూర్తిగా మూసివేయడం న్యాయం కాదు. కొత్తవారు నేర్చుకునేది ఇట్టి చిన్న పనులతోనే. నేడు నాలుగు ద్వారాల ఫంక్షన్‌ను సరిదిద్దబోయి పైన చెప్పిన నాలుగు ప్రశ్నలు విన్న యువకుడే, రేపు మరొకరిని ఆ ప్రశ్నలు అడగగలుగుతాడు. "వద్దు" అని మాత్రమే చెప్పిన పరీక్షకుడు ఒక సవరణను ఆపుతాడు. "ఎందుకు వద్దో" చెప్పినవాడు ఒక పరీక్షకుణ్ణి తయారుచేస్తాడు. పెద్ద తాళాలను విడగొట్టే దీర్ఘకాలపు పని అటువంటివారి చేతుల మీదుగానే సాగవలసి ఉన్నది.

మన సవరణ సంగతి ఏమైనట్లు? ఫంక్షన్ చిన్నదై, తాళం వదిలిన తరువాత చేసే పని ఏదీ లేకుండా ఉండి, వస్తువు బ్రతికి ఉండగానే తాళం విడుదలవుతూ, వేరొక అవసరమైన మార్పుకు తోడుగా అది వచ్చి ఉంటే, పరీక్షకుడు సంతోషంగా పేరు జతచేస్తాడు. వీటిలో ఏ ఒక్కటి సందేహాస్పదమైనా, పాత నాలుగు ద్వారాలు, వాటి ముందు ఓపికగా రాసిన నాలుగు పంక్తులు ఉన్నచోటనే ఉంటాయి. చూపుకు అంత ఇంపుగా ఉండకపోవచ్చు. కాని ఈ రాత్రి లక్షలాది యంత్రాలలో తాళం తీసుకున్న ప్రతిసారీ అది సరియైన చోట, సరియైన వేళకు తిరిగి చేరుతూనే ఉంటుంది.